పాలలోని మాంసకృత్తులును పొదుగు కావలివాండ్రును

పాడిపశువు గల రైతునకు పొదుగువాపు తెలియని వ్యాధి కాదు. సాయంకాలము చక్కగా చేపిన ఆవు మరునాటి యుదయమున చెంతకు రానీయక కాలు విసరును. చూడగా ఒక చన్ను గట్టిపడి వేడిగా నుండును. పాలలో తెల్లని పలుకులు దిగును. కొన్ని దినములకు వాపు తీసినను ఆ చన్ను మరల మునుపటివలె పాలీయదు. మూడు చన్నుల పశువును సంతకు తోలిన వానికి దాని ధర ఎంత పడిపోవునో వేరుగ చెప్పనక్కరలేదు. ఇది ఏటేట ప్రతి గ్రామమునందును జరుగుచున్నదే.

అయితే ఇందొక సందేహమునకు తావున్నది. పశువునకు కాలిమీదనో మెడమీదనో గాయమైనచో, రక్తములోని తెల్లకణములు వచ్చి సూక్ష్మజీవులను చంపి, మందు లేకయే పలుమారు పుండును మాన్పుచున్నవి. అదే పశువు, అదే రక్తము, అవే తెల్లకణములు. పొదుగునందు మాత్రము అవి ఏల ఇంత తరచుగ ఓడిపోవుచున్నవి? పశువు బలహీనమైనదని కొందరును, దిష్టి తగిలినదని కొందరును అందురు. శాస్త్రజ్ఞులు కనుగొన్న కారణములలో ముఖ్యమైనది వేరు. పొదుగులోని పాలే, అందును పాలలోని మాంసకృత్తులే, ఆ కణముల చేతులు కట్టివేయుచున్నవి. ఈ సంగతి తెలిసినచో, పొదుగువాపునకు మనము ఎక్కడ అడ్డుకట్ట వేయవలెనో దానంతటదియే తెలియగలదు.

ఈ విషయము సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు పాడిరైతులకు ఇతరులకంటె ఎక్కువ అవసరమైనది. పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము, జిన్నారము ప్రాంతములలో కర్మాగారములు వెలసినప్పటినుండి పశువుల మేతబీళ్లు తగ్గినవి. కొన్ని చెరువుల నీరు, వాగుల నీరు చెడినది. మరొకవంక కార్మికుల జనసంఖ్య పెరిగి పాలకు గిరాకి హెచ్చినది. బీడులో మేసి వచ్చు పశువునకు బదులు, కొట్టములో కట్టివేసి మేపు సంకరజాతి ఆవులును ముర్రా బర్రెలును వచ్చినవి. ఎక్కువ పాలిచ్చు పశువును ఇరుకైన తడినేలమీద కట్టివేసినచో పొదుగువాపు దానికి పొరుగింటి చుట్టమువంటిది.

ముందుగా ఈ తెల్లకణముల సంగతి కొంత చెప్పవలెను. 1882వ సంవత్సరమున ఇటలీదేశపు మెస్సీనా పట్టణములో మెచ్నికాఫ్ అను రష్యాదేశపు పండితుడు, అద్దమువలె పారదర్శకమైన నక్షత్రమత్స్యపు పిల్లల శరీరములోనికి గులాబిముల్లును గ్రుచ్చి, మరునాడు సూక్ష్మదర్శినితో చూచెను. తిరుగాడు చిన్న కణములు నలువైపులనుండి వచ్చి ఆ ముల్లును చుట్టుముట్టియుండెను. శరీరములోనికి వచ్చిన పరాయి వస్తువును పట్టి మ్రింగు కణములు జీవులలో నున్నవని ఆయన దీనినుండి ఊహించెను. ఈ పరిశోధనకు 1908లో ఆయనకు ఎర్లిఖ్ పండితునితోపాటు నోబెల్ బహుమానము లభించెను.

ఆవు రక్తములోను ఇట్టి కణములు కలవు. వానిలో ముందుగా పోరునకు వచ్చునవి న్యూట్రోఫిల్లులు. ఇవి ఎముకల మూలుగలో పుట్టి, రక్తములో కొన్ని గంటలు తిరిగి, అవసరమున్న చోటికి రక్తనాళపు గోడను దూరి వెలుపలికి వచ్చును. సూక్ష్మజీవి కనబడగానే తమ శరీరమునుండియే చేతులవంటి పొడవాటి తంతువులను చాచి, దానిని కౌగిలించి లోనికి లాగికొని, తమలో నున్న తీవ్రమైన విషద్రవ్యములతో చంపును. తామును అచిరకాలములోనే నశించును. పుండులో మనము చీము అనునది చాలవరకు ఈ కణముల శవములే.

ఆరోగ్యవంతమైన పొదుగు పాలలో, మిల్లీలీటరు ఒక్కింటికి అన్నివిధముల కణములును కలిపి సాధారణముగ లక్షకు లోబడి యుండును. రెండు లక్షలు దాటినచో ఆ చన్నులో సూక్ష్మజీవులు చేరినవని సందేహింపవలెను. ఐరోపాదేశములలో నాలుగు లక్షలకు మించిన కణములు గల పాలను మనుష్యుల ఆహారమునకు కొనరాదని చట్టమున్నది. చన్నులోనికి సూక్ష్మజీవి ప్రవేశింపగానే అక్కడ కావలియున్న కణములు రసాయనరూపమున కేక వేయును; ఆ కేకకు రక్తమునుండి న్యూట్రోఫిల్లులు లక్షలకొలది తరలివచ్చును. కొన్ని గంటలలో మిల్లీలీటరునకు పదిలక్షలు, ఏబదిలక్షలు, అంతకు మించియు చేరవచ్చును. కావున పొదుగునకు సైన్యము లేకపోలేదు. వచ్చిన సైన్యము అక్కడ సరిగా పోరాడజాలకున్నది.

ఎందుచేతనన, అది దిగునది పాలలో. ఒక లీటరు ఆవుపాలలో సుమారు 33 గ్రాముల మాంసకృత్తులుండును. అందులో నాలుగుపాళ్లు, అనగా సుమారు 26 గ్రాములు, కేసీను అనునది. పాలు విరిగినప్పుడు ముద్దగా తేలునది, పెరుగును గట్టిగా తోడుకొనజేయునది ఇదియే. ఇది పాలలో కరిగి యుండక, కంటికి కనరాని అతి సూక్ష్మమైన గుండ్లవలె తేలుచుండును. దూడ యెముకలకు కావలసిన సున్నము, భాస్వరము ఈ గుండ్లలోనే మూటకట్టుకొని పోవును. పాలకు తెల్లదనము కూడ విశేషముగ వీనివలననే కలుగుచున్నది. బర్రెపాలలో కేసీనును వెన్నయు ఆవుపాలకంటెను ఎక్కువ. దూడకును మనకును కేసీను అమృతప్రాయమే. అందు దోషమేమియు లేదు.

కాని న్యూట్రోఫిల్లునకు వివేకము తక్కువ. ఎదురుపడిన చిన్న గుండును ఏదియైనను పట్టి మ్రింగుట దాని స్వభావము. ఎలుకలను పట్టుటకై ఇంటిలో వదలిన పిల్లికి మూతలేని పాలకుండ దొరకినచో ఏమి చేయునో పొదుగులో న్యూట్రోఫిల్లు అదే చేయును. కేసీను గుండ్లను, వెన్నబొట్లను కడుపునిండ మ్రింగి బరువెక్కి, చేతులు ముడుచుకొని గుండ్రముగ తయారగును. తరువాత అసలు శత్రువు ప్రక్కనే తేలుచున్నను పట్టుకొనజాలదు. శత్రువును చంపుటకై దాచిన విషద్రవ్యములును ఈ తిండిమీదనే ఖర్చగును.

ఇది ఊహ కాదు. 1970-80 మధ్యకాలములో అమెరికా వ్యవసాయశాఖవారి బెల్ట్స్‌విల్ పరిశోధనాక్షేత్రములో మాక్స్ పేప్ మొదలగువారును, ఇంగ్లండులోని షిన్‌ఫీల్డు పాడిపరిశోధనాలయమువారును ఈ కణములను రక్తమునుండి ఒకపరియు పాలనుండి ఒకపరియు తీసి పోల్చిచూచిరి. ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూడగా పాలలోని కణముల లోపల కేసీను గుండ్లును వెన్నబొట్లును నిండియుండెను. రక్తమునుండి తీసిన కణములకంటె అవి తక్కువ సూక్ష్మజీవులను మ్రింగెను. అంతియే కాదు, రక్తములో లభించునంత ప్రాణవాయువు పాలలో లేదు, కణమునకు శక్తినిచ్చు గ్లూకోజు బహుస్వల్పము, సూక్ష్మజీవికి గుర్తువేసి పట్టి యిచ్చు సహాయ మాంసకృత్తులును అరుదు. తిండి ఎక్కువ, ఊపిరి తక్కువ, తోడులేదు. ఇట్టి చోట గెలువవలెనన్న ఒక్కరు చేయు పనికి పలువురు కావలెను. అందుచేతనే పొదుగులోనికి అన్ని లక్షల కణములు రావలసివచ్చుచున్నది.

ఇందులో రైతునకు మరియొక నష్టము దాగియున్నది. ఇన్ని లక్షల కణములు వచ్చి, సగము పని చేసి, అక్కడనే చచ్చి పగులునప్పుడు వానిలోని విషద్రవ్యములు పాలు చేయు మెత్తని కండమీదనే ఒలుకును. ఆ కండ కాలినట్లయి, దాని స్థానములో గట్టి నారకండ ఏర్పడును. వాపు తగ్గిన తరువాతను ఆ చన్ను పాలు తగ్గుటకు సూక్ష్మజీవి ఎంత కారణమో ఈ పోరును అంత కారణము. కాబట్టి పోరు పొదుగులోపల జరుగనిచ్చి తరువాత గెలిపించుటకంటె, అది అక్కడ జరుగకుండ చూచుటయే లాభము.

పాలలోని మాంసకృత్తులన్నియు ఇట్లే అడ్డువచ్చునని తలపరాదు. 1939లో డెన్మార్కుదేశపు పండితులు పాలలో ఎర్రని రంగు గల ఒక మాంసకృత్తును గుర్తించిరి. పిమ్మట దానికి లాక్టోఫెర్రిన్ అని పేరు వచ్చెను. ఇనుమును గట్టిగా పట్టుకొనుట దాని గుణము, ఎర్రదనమును అందువలననే. పేడలోనుండి చన్నులోనికి ఎక్కు ఇ-కోలై మొదలగు సూక్ష్మజీవులు ఇనుము లేనిదే వృద్ధిపొందవు. లాక్టోఫెర్రిన్ ఉన్నచోట ఇనుము దానికే చిక్కును, సూక్ష్మజీవి పస్తుండును. శత్రువును కొట్టక ధాన్యము దాచి లొంగదీసికొనుట వంటి ఉపాయమిది. కాని పాలు నిండుగా ఇచ్చు కాలములో లాక్టోఫెర్రిన్ ఆవుపాలలో బహుస్వల్పము. అదిగాక పాలలోని సిట్రేటు అను లవణము ఆ ఇనుమును తాను పట్టి మరల సూక్ష్మజీవి నోటికే అందించుచుండును.

ఇప్పుడు పశువు వట్టిపోవు కాలమున ఏమి జరుగునో చూడుడు. ఇది నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపిన భాగము. పిండుట నిలిపిన కొన్ని దినములకు పొదుగులో నిలిచిన పాలలోని కేసీనును కొన్ని కిణ్వద్రవ్యములు చిన్న చిన్న ముక్కలుగ విరిచివేయును. ఈ ముక్కలు పొదుగునకు ఒక వర్తమానము వంటివి: ఇక పాలు చాలు, ద్వారములు మూయుము, కావలిని పిలువుము అని. పాలు చేయుట ఆగును. రక్తమునుండి తెల్లకణములు వచ్చును. కేసీనును వెన్నయు తగ్గును, సిట్రేటు తగ్గును. లాక్టోఫెర్రిన్ పలుపదుల రెట్లు పెరుగును. 2005 ప్రాంతమున ఇజ్రాయేలుదేశమున సిలనికోవ్ మొదలగు పరిశోధకులు విరిచిన కేసీను ముక్కలను చన్నులోనికి ఎక్కించి, సహజముగ పలుదినములు పట్టు ఈ మార్పును త్వరగా రప్పించిరి. నిండు కేసీను కావలివానికి మత్తుపెట్టగా, విరిగిన కేసీను అదే కావలివానిని మేలుకొలుపుచున్నది! ఒక్క వస్తువే రెండు పనులు చేయుచున్నది. (సభ్యులెవరును విరిగిన పాలను పొదుగులోనికి ఎక్కింప బూనుకొనరాదు. ఆ పరిశోధకుల ద్రవ్యము శుద్ధిచేసి కొలత ప్రకారము తయారుచేసినది. ఇంటిలో చేసినది పశువు ప్రాణమునకే ముప్పు.)

కావున పూర్తిగా వట్టిపోయిన పొదుగు చక్కని కోట వంటిది. అపాయము రెండు సంధులలో నున్నది. మొదటిది పిండుట నిలిపిన తరువాతి రెండు వారములు. పాలు ఇంకను నిలిచియున్నవి, కేసీను విరుగలేదు, పిండుట లేనందున సూక్ష్మజీవులు కడిగివేయబడుట లేదు. రెండవది ఈనుటకు ముందు రెండు వారములు. పొదుగు మరల దిగుచు కేసీనును వెన్నయు చేరుచుండును, లాక్టోఫెర్రిన్ పలుచబడును.

మన రైతులలో కొందరు ఈ రెండు సంధులలోనే తొందరపడుదురు. చూడి ఆవును ఈనుటకు నెల ముందువరకు కూడ పిండుచుందురు. మరికొందరు వట్టిపోసిన తరువాత ‘పొదుగు బరువుగా నున్నది’ అని మూడునాళ్లకు ఒకసారి కొంచెము పిండుదురు. ఆ కొంచెము పిండుటతో, చన్ను రంధ్రమున ఏర్పడుచున్న మూత ఊడిపోవును. పొదుగునకు ‘ఇంకను పాలు కావలెను’ అను వర్తమానము పోవును. కోట కట్టుట మరల మొదటికి వచ్చును. ఈనుటకు రెండు నెలల ముందు దాణా తగ్గించి, పాలు తగ్గిన పిమ్మట ఒక దినము నిర్ణయించుకొని, ఆనాడు నాలుగు చన్నులను పూర్తిగా పిండి, చన్నులకు మందు అద్ది, అంతటితో నిలుపవలెను. తరువాత పొదుగును ప్రతిదినము చూడవలెను, తాకవలెను, పిండరాదు. ఒక చన్ను మాత్రము ఎర్రబడి వేడెక్కి, పశువు మేత మానినచో పశువైద్యుని పిలువవలెను. మునుపు పొదుగువాపు వచ్చిన పశువునకు వట్టిపోవునాడు చన్నులో నుంచు మందు ఇయ్యవలెనా అనునది ఆయనయే నిర్ణయింపవలెను.

లోపలి కావలివాడు ఇంత బలహీనుడైనప్పుడు వాకిలి బందోబస్తు ముఖ్యమగును. చన్ను కొనయందు సుమారు అంగుళములో సగముండు సన్నని మార్గమున్నది. దానిని బిగించు కండ ఒకటి. దాని లోపలివైపు మైనమువంటి పొర ఒకటి. ఇవియే పొదుగునకు తలుపును గొళ్లెమును. బర్రెలకు ఈ కండ ఆవులకంటె గట్టిది, చన్నుమార్గపు పొరయు దట్టము. పిండుట కష్టమని మనము విసుగుకొందుము గాని బర్రెకు పొదుగువాపు కొంత తక్కువగుటకు ఆ గట్టిదనమే కారణము. పిండిన వెంటనే ఈ తలుపు మూసికొనదు. అరగంటనుండి గంటకు పైగా ఓరగా తెరచియుండును. ఆ సమయములో పశువు పేడలో పండుకొన్నచో పేడలోని సూక్ష్మజీవులు నేరుగా లోనికి పోవును. అందుచేత పిండిన వెంటనే పచ్చిమేత ముందు వేసి పశువును నిలువబెట్టవలెను. దీనికి కానియైన ఖర్చు లేదు.

బొటనవ్రేలిని మడచి దాని కణుపుతో చన్నును నొక్కి లాగు అలవాటు మన ప్రాంతమున విరివిగా నున్నది. ఇది తలుపు విరుగగొట్టుటతో సమానము. చన్ను లోపలి పొర నలిగిపోవును. అయిదువ్రేళ్లతో నిండుపిడికిట పట్టి పిండుటయే మేలు. పిండిన పిదప, నూటికి అరపాలు అయొడినుండి గ్లిసరిను కలిసిన చన్నుల మందులో ఒక్కొక్క చన్నును ముంచవలెను. షిన్‌ఫీల్డు పరిశోధనాలయమువారు 1960-70 మధ్య పెద్దయెత్తున నడపిన పరీక్షలలో, పిండిన వెంటనే చన్నులను మందులో ముంచుటయు, వట్టిపోవునాడు మందు ఎక్కించుటయు ముఖ్యముగ గల ఒక పద్ధతి కొత్త పొదుగువాపును చాలవరకు తగ్గించెను. నేటికిని దేశదేశముల పాడివారు అనుసరించునది దానినే.

పొదుగు కడుగు నీటిని గురించి మన ప్రాంతపు వారికి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. నక్కవాగు నీటితోగాని, కర్మాగారపు వ్యర్థజలము కలియు కుంటల నీటితోగాని పొదుగు కడుగరాదు, పశువునకు త్రాపరాదు. త్రాగుటకు యోగ్యమైన నీటిని కొంచెముగ వాడి, చన్నులను కడిగి, శుభ్రమైన పొడిగుడ్డతో తుడిచి పిండవలెను. పశువునకు ఒక గుడ్డ. ఒకే గుడ్డతో ఆరు పశువులను తుడిచినచో ఒకదాని వ్యాధిని ఆరింటికి మనమే పంచిపెట్టినట్లగును. తడి పొదుగును తుడువక పిండుట కడుగకుండుటకంటెను హీనము. పొదుగుమీది మురికినీరు జారి చన్నుకొననే చేరును.

కావలివానికి తిండియు కావలెను. ఈనుటకు ముందు వెనుకల మూడేసి వారములు న్యూట్రోఫిల్లుల బలము సహజముగనే తగ్గును. అప్పుడు తల్లి తన రక్తములోని రక్షకద్రవ్యములను ముర్రుపాలలోనికి తరలించుచుండును. సున్నమును శక్తిని పాలకు ధారపోయుచుండును. ఈ కణములు తమ విషముతో తామే కాలిపోకుండ కాపాడుకొనుటకు విటమిను ‘ఇ’, సెలీనియము అను ఖనిజము కావలెను. విటమిను ‘ఇ’ పచ్చిమేతలో సమృద్ధిగ నుండును; ఎండినకొలది నశించును. వరిగడ్డితోను ఎండుచొప్పతోను నెలలతరబడి మేపిన చూడిపశువునకు ఇది దాదాపు శూన్యము. 1972లో పటాన్‌చెరులో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థవారు జొన్నచొప్పలో ఏ రకము పశువునకు బాగుగ జీర్ణమగునో పరిశోధించియున్నారు. మంచి చొప్ప కడుపు నింపును, పాలను నిలుపును. కాని పచ్చిమేత చేయు ఈ పనిని ఎంత మంచి చొప్పయైనను చేయజాలదు. పది గుంటలలోనైనను పచ్చిగడ్డి పెంచుకొన్న రైతు చూడిపశువునకు ముందుగా వేయవలెను. పాలిచ్చు పశువునకు తరువాత. చాలామంది దీనికి విరుద్ధముగ చేయుచున్నారు.

బూజుపట్టిన పత్తిచెక్కను, వేరుసెనగచెక్కను చౌకగా వచ్చినదని కొనరాదు. ఆ బూజువిషము పశువు రోగనిరోధశక్తిని కుంగదీయుటయేగాక పాలలోనికి దిగును. భారత ఆహారభద్రతా ప్రమాణాల సంస్థవారు 2018లో దేశమంతట తీసిన 6,432 పాలనమూనాలలో 368 నమూనాలందు ఈ విషము పరిమితికి మించియుండెను. కల్తీకంటెను ఇదియే పెద్ద చిక్కని వారు తేల్చిరి.

పైకి వాపు లేకయే కణములు పెరిగియుండు గుప్తవ్యాధిని కనుగొనుటకు 1957లో కాలిఫోర్నియాలో షామ్, నూర్లాండర్ అనువారు ఒక సులభమైన పరీక్షను కల్పించిరి. బట్టలు ఉదుకు పొడి వంటి ద్రవ్యము తెల్లకణములను పగులగొట్టును; వాని గర్భములోని పదార్థము బయటపడి జిగురుగ సాగును. ఎంత జిగురో అంత సైన్యము లోపల ఉన్నట్లు లెక్క. దీనిని ఇంటివద్ద చేయవచ్చును. ఒక లీటరు నీటిలో మూడు తులముల లోపు, అనగా ముప్పది గ్రాముల బట్టల పొడిని కరగించి, నాలుగు చన్నుల పాలను నాలుగు చిన్న గిన్నెలలోనికి వేరువేరుగ కొంచెము పిండి, ప్రతిదానిలో పాలకు సమానముగ ఈ నీటిని పోసి అరనిమిషము గుండ్రముగ త్రిప్పవలెను. నీటివలె పలుచగ కదలినచో ఆ చన్ను మేలు. గంజివలె చిక్కబడినను, ముద్దకట్టినను లోపల పోరు జరుగుచున్నదని తెలిసికొనవలెను. ఈనిన మొదటి కొన్ని దినములలోను, వట్టిపోవు చివరి దినములలోను మంచి పొదుగునందును కణములెక్కువ యుండును గనుక అప్పుడీ పరీక్ష మోసపుచ్చును. పరీక్షించిన పాలను పారబోయవలెను. నెలకొకసారి ఇది చేసిన రైతు, పలుకులు దిగుటకు ఎన్నో దినముల ముందే చెడిన చన్నును గుర్తించి ఆ పశువును కడపట పిండగలడు.

ఇక మందుల సంగతి. ‘సూదిమందు ఉండగా ఈ బాధలన్నియు ఏల’ అని అడుగు సభ్యులు కలరు. పటాన్‌చెరు ప్రాంతమువారు ఈ ప్రశ్నకు సమాధానము ఇతరులకంటె జాగ్రత్తగ వినవలెను. ఇక్కడి మందుల కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రమునుండి వెడలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను సూక్ష్మజీవనాశక ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెనని స్వీడనుదేశపు లార్సన్ మొదలగు పరిశోధకులు 2007లో ప్రకటించిరి. అది చాలరకముల సూక్ష్మజీవులను చంపుటకు కావలసినదానికి వేయిరెట్లకు మించిన మోతాదు. ఆ నీరు చేరిన వాగుల బురదలో, మందులకు లొంగని గుణమును సూక్ష్మజీవినుండి సూక్ష్మజీవికి మోసికొనిపోవు బీజములు విశేషముగ నున్నవని 2011లో మరియొక పరిశోధన వెల్లడించెను. ఈ కాలుష్యముమీద 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేయబడెను.

మన పశువులకు తరచుగ వేయు ఎన్రోఫ్లాక్సాసిన్ సూది ఆ సిప్రోఫ్లాక్సాసిన్‌కు దగ్గరి చుట్టము. పశువు శరీరములో అది కొంతవరకు సిప్రోఫ్లాక్సాసిన్‌గనే మారును. వాగునీటిలో ఆ మందునకు అలవాటుపడిన సూక్ష్మజీవి చన్నులోనికి ఎక్కినచో ఎన్రోఫ్లాక్సాసిన్ సూది దానిని లొంగదీయుట కష్టము. అప్పుడు మిగులునది, కేసీను మ్రింగి బరువెక్కిన ఆ కావలివాడే. కాబట్టి తోచిన మందును దుకాణమున అడిగి తెచ్చి వేయుట మానవలెను. పాలను పరీక్షకు పంపి ఏ మందునకు లొంగునో తెలిసికొని వేయుమని పశువైద్యుని అడుగుట రైతు హక్కు. మొదలిడిన మందును ఆయన చెప్పినన్ని దినములు పూర్తిగ వేయవలెను. వాపు తీసినదని రెండవనాడే ఆపినచో మొండి సూక్ష్మజీవులను ఏరి పెంచినట్లగును. వేడెక్కిన చన్నును దినమునకు పలుమార్లు పూర్తిగ పిండివేయుట వలన సూక్ష్మజీవులును వాని విషమును కొంత వెలికి పోవును. దానిని ఏ మందుతోబాటైనను చేయవచ్చును.

మందు వేసిన పశువు పాలను సీసామీద వ్రాసిన గడువు తీరువరకు వేరు పాత్రలోనే పిండవలెను. పైన చెప్పిన 6,432 నమూనాలలో 77 నమూనాలందు సూక్ష్మజీవనాశక ఔషధములు పరిమితికి మించి కనబడెను. అట్టి పాలు ఒక రైతు బిందెనుండి కేంద్రపు పెద్ద పాత్రలో కలిసినచో గ్రామపు పాలన్నియు చెడును, పెరుగు తోడుకొనదు, త్రాగిన పసిపిల్లల కడుపులోను మొండి సూక్ష్మజీవులు పెరుగును. మందు ఒక్క చన్నులోనికే ఎక్కించితిమి, తక్కిన మూడు చన్నుల పాలు మంచివే కదా అని కొందరు వాదింతురు. చన్నులో వేసిన మందు రక్తములో కలిసి, రక్తమునుండి నాలుగు చన్నులకును చేరును. ఆ మూడు చన్నుల పాలును కేంద్రమునకు తేరాదు, దూడకు త్రాపరాదు. కొట్టమునకు దూరముగ, బావికి దూరముగ గోతిలో పోసి మన్ను కప్పవలెను.